సోడా కలిపితే హైడ్రిల్లాకు ఏ లోటు తీరింది?

ప్రశ్న:
హైడ్రిల్లా అనే నీటి మొక్కతో చేసే ప్రయోగంలో బీకరు నీటికి చిటికెడు వంట సోడా కలపగానే, అంతవరకు ఒకటీ అరా వచ్చిన బుడగలు కోసిన కాడ చివరి నుంచి వరుసకట్టి పైకి లేవడం చూశాను. నేలమీది మొక్కలకున్న ఎండిపోయే బెడద నీటి మొక్కలకు లేదు కదా, మరి సోడాతో వాటికి తీరిన లోటు ఏమిటి?

సమాధానం 1:
కార్బన్ లోటు. ఆ బుడగలు కిరణజన్య సంయోగక్రియలో వెలువడే ఆక్సిజన్‌వి, ఆ క్రియకు కార్బన్ డయాక్సైడ్ కావాలి. కార్బన్ డయాక్సైడ్ నీటిలో బాగానే కరుగుతుంది గానీ, గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఆకును అంటిపెట్టుకుని కదలక ఉండే పలుచటి నీటిపొరలోని వాయువును మొక్క వాడేసుకున్నాక, వెలుపలి నుంచి మళ్లీ అందేసరికి ఆలస్యమవుతుంది. పైగా, పీహెచ్ 8 దరిదాపుల్లో ఉండే సముద్రపు నీటిలో కరిగిన అకర్బన కార్బన్‌లో దాదాపు 90 శాతం బైకార్బొనేట్ కాగా, కార్బన్ డయాక్సైడ్‌గా ఉండేది 1 శాతం లోపే. మొక్కల్లో కార్బన్‌ను పట్టి ఆహారంగా మార్చే పని మొదలుపెట్టే రుబిస్కో ఎంజైమ్ పట్టుకోగలిగింది మాత్రం ఆ కాస్తనే. అందుకే అనేక శైవలాలు (నాచు జాతులు) బైకార్బొనేట్‌ను లోపలికి లాక్కుని, కార్బోనిక్ ఆన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ సాయంతో కార్బన్ డయాక్సైడ్‌గా మార్చుకుంటాయి. హైడ్రిల్లాకూ ఈ విద్య వచ్చు, కాకపోతే దీనికి శక్తి ఖర్చవుతుంది. వంట సోడా అంటే సోడియం బైకార్బొనేటే కనుక, మీరు వేసిన చిటికెడు దానికి నేరుగా అక్కరకొచ్చింది.

సమాధానం 2:
బీకరులో వెలుతురుకు కొదవ లేదు కాబట్టి కార్బన్ లోటే బయటపడింది. లోతైన నీటిలో వెలుతురే అసలు చిక్కు. ఎరుపు కాంతిని మొదటి కొద్ది మీటర్ల నీరే పీల్చేస్తుంది, తేట సముద్రంలో నీలికాంతి అన్నిటికంటే లోతుకు వెళ్తుంది. 200 మీటర్లు దాటాక కిరణజన్య సంయోగక్రియకు చాలినంత వెలుతురు సాధారణంగా ఉండదు. అయినా 1984లో బహమాస్ దగ్గర 268 మీటర్ల లోతున ఎర్ర శైవలం పెరుగుతూ కనిపించింది! పత్రహరితం సరిగా పట్టుకోలేని ఆకుపచ్చ కాంతిని దానిలోని ఫైకోఎరిథ్రిన్ అనే ఎర్రని వర్ణకం గ్రహిస్తుంది.

సమాధానం 3:
పై సమాధానానికి చిన్న సవరణ: ఆకుపచ్చ శైవలాలు కూడా బాగా లోతున పెరుగుతాయి కనుక, లోతు పెరిగేకొద్దీ ఎర్ర శైవలాలే ఉంటాయనే, అంటే లోతును బట్టి రంగు అనే పాత సూత్రం పూర్తిగా నిలవదు. ఇక వెలుతురు, కార్బన్, నైట్రేట్ అనే పోషకం అన్నీ ఉన్నా వృక్ష ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మ మొక్కల్లాంటి జీవులు) పలుచగానే ఉండే సముద్ర భాగాలున్నాయి. అక్కడి కొరత ఇనుమని సముద్ర శాస్త్రవేత్త జాన్ మార్టిన్ వాదించారు. 1993లో గాలాపగోస్ దీవులకు దక్షిణాన పసిఫిక్ నీటిలో ఇనుము కలిపి చూస్తే పత్రహరితం నిజంగానే పెరిగింది. అయితే ఆయన ఆ ఫలితం చూడకముందే, అదే ఏడాది కన్నుమూశారు.