ఎలక్టోరల్ కాలేజీని పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం ఎలా?

అమెరికాలో ఎనిమిదో తరగతికి పౌరశాస్త్రం చెబుతున్నాను. సెనేట్‌, సుప్రీంకోర్టు వరకు సాఫీగానే సాగింది. అధ్యక్షుణ్ని ఎన్నుకునే రాష్ట్రాల ప్రతినిధుల (ఎలక్టర్ల) బృందమైన ఎలక్టోరల్ కాలేజీ దగ్గర బండి ఆగింది. మొత్తం ఎలక్టర్లు 538, గెలవడానికి 270 అని బోర్డు మీద రాశానో లేదో, వెనక వరుసలోని అమ్మాయి లేచి, "2016లో ఎక్కువ ఓట్లు హిల్లరీ క్లింటన్‌కు కదా, మరి ట్రంప్ ఎలా గెలిచారు?" అంది. రాష్ట్రంలో ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా దాదాపు అన్నిచోట్లా ఎలక్టర్లందరూ ఆ అభ్యర్థికే దక్కుతారని చెప్పాను. తలలు ఊపారు. మెయిన్, నెబ్రాస్కా రాష్ట్రాల్లో పద్ధతి వేరనేసరికి అర్థమైన కాస్తా పోయింది (నా తొందరపాటే!).

తరగతిని రాష్ట్రాలుగా విడగొట్టి, ఏ చాక్లెట్ కావాలో ఉత్తుత్తి ఎన్నిక పెడదామనుకుంటున్నాను. ముప్పై మంది పిల్లలు. ఏ గుంపులో ఎందరిని ఉంచి, ఎందరు ఎలక్టర్లను ఇస్తే తక్కువ ఓట్ల చాక్లెట్ గెలుస్తుంది? ఇలా చేయించినవారు చెప్పగలరా?