రియాక్టర్ పక్కనే మాస్ (మాలిక్యూల్ బరువు చూపే మాస్ స్పెక్ట్రోమీటర్) పెట్టి రియాక్షన్ లైవ్‌లో చూస్తే ఐపీసీ (మధ్యమధ్యలో చెకింగ్‌కి తీసే) శాంపిళ్లు ఆపేయొచ్చా?

నైట్‌షిఫ్ట్_కెమిస్ట్:
జీడిమెట్లలో ప్రాసెస్ డెవలప్‌మెంట్, 9 ఏళ్లు. మాది అరైల్ బ్రోమైడ్, అమీన్ కప్లింగ్ (రెండిటినీ కలిపే రియాక్షన్), పల్లాడియంతో, టోలుయిన్‌లో. గంటకోసారి శాంపిల్ తీయాలి, క్వెంచ్ చేయాలి (అందులో రియాక్షన్ ఆపాలి), క్యూసీ ల్యాబ్‌కి పంపాలి, రిపోర్ట్ వచ్చేసరికి 50 నిమిషాలు. అదే సన్న ట్యూబ్‌తో లాగి మిథనాల్‌తో వెయ్యి రెట్లు డైల్యూట్ చేసి ఎలక్ట్రోస్ప్రేకి (ఈఎస్‌ఐ, చార్జ్ ఉన్న సన్న చుక్కలుగా చిమ్మి మాస్‌లోకి పంపేది) పంపితే ఏం జరుగుతుందో సెకన్లలో తెలుస్తుంది. కెనడా విక్టోరియా యూనివర్సిటీలో మెకిండో గ్రూప్ ఫ్లాస్క్‌కి కాస్త ప్రెషర్ ఇచ్చి నేరుగా మాస్‌లోకి పంపి చూపించింది. ప్రాసెస్‌ని జరుగుతుండగానే కొలవండి అని అమెరికా డ్రగ్ రెగ్యులేటర్ ఎఫ్‌డీఏ 2004లోనే గైడెన్స్ ఇచ్చింది. మనం ఇంకా ఎందుకు ఆగాం?

పీక్‌ఏరియా:
ఎందుకంటే మాస్‌లో పీక్ ఎత్తు కాన్సంట్రేషన్ కాదు బ్రదర్. మాస్‌కి చార్జ్ ఉన్నదే కనపడుతుంది. అమీన్ ప్రోటాన్ పట్టుకుని చార్జ్ తెచ్చుకుంటుంది, బాగా కనపడుతుంది. మీ బ్రోమైడ్‌లో ప్రోటాన్ పట్టుకునే చోటే లేకపోతే దాదాపు కనపడదు. కనపడలేదు కాబట్టి అయిపోయిందంటారా?

సాల్వెంట్_సాయి:
టోలుయిన్ ఈఎస్‌ఐలో సరిగ్గా స్ప్రే అవదు కదా?

నైట్‌షిఫ్ట్_కెమిస్ట్:
సాయీ, అందుకే మిథనాల్ అన్నా. పీక్‌ఏరియా గారూ, కనపడని దానికి చార్జ్ ఉన్న ట్యాగ్ తగిలించి చూస్తారు, మెకిండో వాళ్లు చేసిందీ అదే.

పీక్‌ఏరియా:
ట్యాగ్ తగిలిస్తే అది మీ మాలిక్యూల్ కాదు, వేరేది. ఇంకోటి, చుక్క ఆవిరవుతుంటే లోపల అంతా మళ్లీ చిక్కబడుతుంది, వెయ్యి రెట్ల డైల్యూషన్ అక్కడ పోయినట్టే. మైక్రోడ్రాప్లెట్లలో కొన్ని రియాక్షన్లు ఫ్లాస్క్ కన్నా ఎన్నో రెట్లు వేగంగా నడుస్తాయని అమెరికా పర్డ్యూ యూనివర్సిటీలో కుక్స్ గ్రూప్ చూపించింది. నాకు అనుభవమే. ఒక పీక్ చూసి ఇంటర్మీడియట్ (రియాక్షన్ మధ్యలో పుట్టే పదార్థం) దొరికిందని మీటింగ్‌లో చెప్పా, 6 వారాలు దాని వెంటే తిరిగాం, చివరికి క్వెంచ్ చేసి ఎన్‌ఎమ్ఆర్ టెస్ట్‌లో చూస్తే లేదు. స్ప్రేలో పుట్టింది. అప్పట్నుంచి నా డేటా పెడితే ఒకటికి రెండుసార్లు అడుగుతారు.

లావణ్య_ఆర్‌అండ్‌డీ:
స్ప్రే నీడిల్‌కి, ఇన్‌లెట్‌కి మధ్య దూరం మార్చి చూడండి. ఆ పీక్ రేషియో మారితే స్ప్రేలో పుడుతోందన్న అనుమానం బలపడుతుంది.

పీక్‌ఏరియా:
ఆ మాట అప్పుడు ఎవరూ చెప్పలేదమ్మా.

నైట్‌షిఫ్ట్_కెమిస్ట్:
మీరు బ్రోమైడ్, బ్రోమైడ్ అని అక్కడే ఉన్నారు. మాకు తక్కువేసేది అమీన్, బ్రోమైడ్ కాస్త ఎక్కువ వేస్తాం. అమీన్ అయిపోయాక మిగిలిన బ్రోమైడ్ ప్రొడక్ట్ మీద పడుతుంది, డై-అరైల్ ఇంప్యూరిటీ పెరుగుతుంది. ఒక రాత్రి 2 గంటలకు శాంపిల్ పంపా, 2:50కి రిపోర్ట్, "అమీన్ ఇంకా ఉంది, కంటిన్యూ". అప్పటికే అయిపోయింది! పొద్దున ఇంప్యూరిటీ లిమిట్ దాటింది, "శాంపిల్ సరిగా క్వెంచ్ చేయలేదు" అని నా మీద రాశారు. మీకు 6 వారాలు పోయాయి, నాకు బ్యాచ్ పోయింది, ఆ ఏడాది ఇంక్రిమెంట్ పోయింది. 80 డిగ్రీల టోలుయిన్ మీదకి వంగి శాంపిల్ తీసే చెయ్యి నాది సార్, క్యూసీ వాళ్లది కాదు.

సాల్వెంట్_సాయి:
అన్నా కూల్.

పీక్‌ఏరియా:
ఈ మాట మొదట్లోనే చెప్పాల్సింది. మీరు అడుగుతున్నది అయిపోయిందా అని కాదు, ఎప్పుడు ఆపాలి అని. ప్రొడక్ట్, డై-అరైల్ రెండూ మాస్‌లో కనపడేవే, డై-అరైల్ లైన్ లేవడం మొదలవగానే చల్లార్చండి, దానికి మాస్ సరిపోతుంది, ఒప్పుకుంటున్నా. కానీ అమీన్ లైన్‌ని నమ్మకండి. ప్రొడక్ట్ నీళ్లంటని రకం, చుక్క పైపొరకి చేరి అమీన్ సిగ్నల్‌ని తొక్కేస్తుంది, ఇంకా ఉన్నా తగ్గిపోయినట్టు చూపిస్తుంది. ఇక బ్యాచ్ రికార్డులో నంబర్ హెచ్‌పీఎల్‌సీ ల్యాబ్ టెస్ట్‌దే ఉండాలి. ఇందులో నేను తగ్గను.

నైట్‌షిఫ్ట్_కెమిస్ట్:
నంబర్ మీదే పెట్టుకోండి. ఆపే నిర్ణయం రియాక్టర్ దగ్గరున్నవాడిది అని రాసివ్వండి. నాకు కావల్సింది అదొక్కటే.

పీక్‌ఏరియా:
అది క్యూఏ (క్వాలిటీ అష్యూరెన్స్) ఒప్పుకోదు.

నైట్‌షిఫ్ట్_కెమిస్ట్:
అదీ అసలు సంగతి. మాస్ కాదు.

లావణ్య_ఆర్‌అండ్‌డీ:
మీరు వేసే బేస్ (క్షారం) సీజియం కార్బొనేటేనా? కరగని పొడి కదా, ఫిల్టర్ పెట్టినా ట్యూబ్‌లో చల్లారి మూసుకుపోతుంది. మేం హీటెడ్ లైన్ పెట్టినా రెండుసార్లు బ్లాక్ అయింది. రాత్రి 2 గంటలకు దాన్ని విప్పాల్సింది కూడా మీరే అన్నా, అది కూడా రాయించుకోండి.