రచయిత పాక మళ్లీ కట్టడం: కొలతలు, పునాది, తాటాకు

బ్రాడీపేట:
గుంటూరు పక్క పల్లెలో పేరున్న రచయిత ఒకాయన కూర్చుని రాసుకున్న తాటాకు పాక ఉండేది. ఇప్పుడు నల్లరేగడి ఖాళీ స్థలమే మిగిలింది. పాత ఫొటో ఒకటి, దస్తావేజు నకలు ఉన్నాయి. మళ్లీ కట్టి, చూడవచ్చేవాళ్లకి తెరిచి ఉంచాలని ఊరివాళ్ల కోరిక. కొలతలు ఎలా తేల్చాలి? నాలుగు కాలాలపాటు నిలవాలంటే ఎలా కట్టాలి?

అరండల్‌పేట:
పాత చోటులో పునాది తియ్యకండి. అమెరికాలో వాల్డెన్ చెరువు దగ్గర రచయిత థోరో 1845లో కట్టుకున్న గది కూడా ఇలాగే మాయమైంది. 1945లో రోలండ్ రాబిన్స్ తవ్వి చిమ్నీ పునాది రాళ్లు బయటపెట్టాడు. గది 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవని థోరోనే రాసిపెట్టాడు. అసలు చోట రాతి స్తంభాలు పాతి, నమూనా గదిని వేరేచోట కట్టారు. మీకూ అదే మంచిది.

దస్తావేజులో హద్దులు, గజాలు ఉంటాయి గానీ పాక కొలత ఉండదు. అది నేలలో వెతకాలి. తాపీతో పైమట్టి పలచగా గీకుతూ పోతే నిట్రాడు (కప్పుని మోసే నిలువు స్తంభం) పాతిన చోట గుండ్రంగా వేరే రంగు మట్టి తేలుతుంది. వేలు దిగేంత వదులుగా ఉంటుంది. రెండు నిట్రాళ్ల గుంటలు దొరికితే వెన్నుగాడి (కప్పు నడినెత్తిన అడ్డంగా ఉండే దూలం) పొడవు సుమారుగా తెలిసినట్టే. ఎండాకాలం వద్దు, రేగడి నెర్రెలిచ్చి పైమట్టి లోపలికి జారితే గుర్తులు పోతాయి. సంక్రాంతి తర్వాత, నేలలో పదునుండగా చూడండి. ఫొటోలో ద్వారబంధాన్ని కొలబద్దగా తీసుకోవచ్చు, కానీ ఎదురుగోడ వరకే. పక్కగోడకి ఆ లెక్క వేస్తే పొట్టిగా వస్తుంది.

పటమట:
రేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. నేరుగా దానిమీద గోడ లేపితే మూలలు చీలతాయి. కొత్త చోట గోడ కింద మూడడుగుల మట్టి తీసేసి, ఇసుక అరడుగు చొప్పున పోసి, తడిపి దిమ్మిస కొట్టండి. పైన అడుగున్నర రాతికట్టు. గోడకి ఎర్రమట్టిలో తరిగిన వరిగడ్డి కలిపి, నాలుగైదు రోజులు నానబెట్టి తొక్కాలి. మందం అడుగున్నర, ఒక్కో వరస అడుగు ఎత్తు. బొటనవేలు నొక్కితే దిగకుండా కింది వరస ఆరాకే పై వరస వెయ్యాలి.

సిమెంటు పూత మాత్రం వద్దే వద్దు. లోపలి చెమ్మకి దారిలేక పూత పెచ్చులూడి మట్టినీ లాక్కుపోతుంది. సున్నం గానీ పేడమట్టి అలుకు గానీ చాలు.

నిట్రాడుకి తాటి చేవ (తాటిచెట్టులో గట్టి భాగం) వాడండి. నేలలో పాతితే చెదలు కంటికి కనపడని చోట తినేస్తాయి. రాతి దిమ్మెలో ఇనుప కడ్డీ బిగించి దానిమీద నిలపండి. పాత పద్ధతి ఇది కాదు కాబట్టి ఆ ముక్క బోర్డు మీద రాయడం ధర్మం. కప్పు వాలు 45 డిగ్రీలకి తగ్గితే నీళ్లు నిలిచి ఆకు కుళ్లుతుంది. చూరు గోడదాటి రెండున్నర అడుగులు రావాలి. ఆకు మూడు నాలుగేళ్లకోసారి మార్చక తప్పదు. ఆ డబ్బు ముందే విడిగా పెట్టుకోండి.

బ్రాడీపేట:
లోపల లైటు, ఫ్యాను పెట్టొచ్చా?

అరండల్‌పేట:
తాటాకు కప్పులోకి వైరు పోనివ్వకండి, నిప్పురవ్వ చాలు. మీటరు, స్విచ్చులు విడి గదిలో ఉంచండి. రాసుకునే చోటికి కిటికీ వెలుగే ఉండాలి. ఆ కిటికీ ఏ దిక్కున ఉండేదో కట్టకముందే ఫొటోలో నీడలు, దస్తావేజు హద్దులు కలిపి చూసి తేల్చుకోండి.