5.9 డాడ్జ్ ర్యామ్: కెగ్గర్ (కంపెనీ వేసిన ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్, అంటే సిలిండర్లకి గాలి పంచే భాగం) తీసేసి ఎం1 మ్యానిఫోల్డ్ వేస్తే పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుందా?

ట్రెయిలర్_బండి
1999 ర్యామ్ 1500, 5.9 మాగ్నమ్ వి8. ఆయిల్ బాగా తాగుతోంది, కింద చుక్క కూడా కారడం లేదు. ట్రెయిలర్ తగిలించి ఎత్తు ఎక్కితే నాకింగ్ (ఇంజిన్‌లో టకటక శబ్దం) వస్తోంది. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ అడుగు ప్లేటు గ్యాస్కెట్ పోయిందని షాపులో చెప్పారు. ఎలాగూ విప్పుతున్నాం కదా, మోపార్ ఎం1 వేసేద్దామా, లేక ప్లేటు ఒక్కటి మార్చి సరిపెట్టుకోవాలా? వారాంతాల్లో 5000 పౌండ్ల బరువు లాగాలి.

సుత్తి_స్పానర్
ముందు షాపు మాట సరిచూసుకోండి అన్నా. వాల్వ్ కవర్లో ఉన్న పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి పంపేది) పీకి, ఆ రంధ్రమూ, రెండో కవర్ మీది బ్రీదర్ రంధ్రమూ మూసేయండి. పీసీవీ గొట్టం చివర కూడా బిరడా పెట్టండి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి ఒక కాగితం ముక్క ఆనించండి. మామూలుగా లోపలి గాలి దాన్ని బయటికి నెట్టాలి, లోపలికి లాగితే ప్లేటు లీకై, ఆ సందులోంచి ఇన్‌టేక్ ఆయిల్ పీల్చుకుంటున్నట్టే. ఇంజిన్ ఆపి, థ్రాటిల్ (ఇన్‌టేక్‌లోకి గాలిని వదిలే తలుపు) తెరిచి టార్చి కూడా వేయండి. కెగ్గర్ అడుగున నల్లటి ఆయిల్ మడుగు కట్టి ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

కారణం లోహాల్లోనే ఉంది. మ్యానిఫోల్డ్ అల్యూమినియం, ప్లేటు ఇనుప రేకు. వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. ఒక అడుగు (సుమారు 30 సెంటీమీటర్ల) పొడవుకి, 80 సెంటీగ్రేడ్ డిగ్రీల మార్పుకి, రెండింటి మధ్య తేడా పావు మిల్లీమీటరు దాటుతుంది. రోజూ వేడెక్కి చల్లారే ఇంజిన్‌లో ఆ గ్యాస్కెట్ అరిగిపోక ఏమవుతుంది?

హైరెవ్
అదే నేను చెప్పేది. ఎం1కి అడుగు ప్లేటే లేదు, ఒకే పోత. ఆ లీకు మళ్ళీ రాదు. విప్పి బిగించే కూలీ రెండిటికీ ఒకటే, అలాంటప్పుడు పాత డిజైన్‌నే ఎందుకు పట్టుకు వేలాడాలి? పై ఆర్‌పీఎంలో గాలి బాగా అందుతుంది, కెగ్గర్ ఊపిరాడక ఆగిపోయే చోట ఇది ఇంకా లాగుతుంది.

దేశీ_డీజిల్
హైరెవ్ గారు, ఆ "పై ఆర్‌పీఎం"లోనే చిక్కంతా. ఈ ఇంజిన్ 245 హార్స్‌పవర్ వచ్చేది 4000 దగ్గర, 335 పౌండ్-ఫీట్ టార్క్ వచ్చేది 3200 దగ్గర. కెగ్గర్ పొడుగాటి రన్నర్లు (ఒక్కో సిలిండర్‌కి గాలి తీసుకెళ్ళే దారులు) కింది ఆర్‌పీఎం టార్క్ కోసమే పెట్టారు. ఎం1 పొట్టి రన్నర్ల సింగిల్ ప్లేన్, అంటే రన్నర్లన్నీ ఒకే గాలి గదిలోకి తెరుచుకుంటాయి. స్టాక్ క్యామ్, స్టాక్ హెడ్లు ఉంచి ఎం1 వేస్తే, బరువుతో కదిలేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు మనకు కావలసిన బలమే తగ్గుతుంది.

ఇంకోటి. ఈ బండి కంప్యూటర్ గాలిని నేరుగా కొలవదు. మ్యాప్ సెన్సర్‌తో మ్యానిఫోల్డ్ లోపలి ఒత్తిడి చూసి, స్టాక్ మ్యానిఫోల్డ్‌కి రాసిన పట్టికతో లెక్క వేస్తుంది. మ్యానిఫోల్డ్ మారితే లెక్క తప్పుతుంది, ఆ పట్టిక సరిదిద్దే ట్యూన్ ఖర్చు అదనం. పైగా దీనికి నాక్ సెన్సర్ లేదు, నాకింగ్ మొదలైతే స్పార్క్ టైమింగ్ తగ్గించే దిక్కు ఉండదు. కాలిఫోర్నియాలో ఉంటే ఈఓ నంబరు (ఆ రాష్ట్ర కాలుష్య సంస్థ అనుమతి సంఖ్య) లేని మ్యానిఫోల్డ్‌తో స్మాగ్ (పొగ) తనిఖీ గట్టెక్కడం కష్టం.

క్యామ్, హెడ్లు, ట్యూన్ మూడూ మార్చే ఉద్దేశం ఉన్నవాళ్ళకి ఎం1 మంచిదే, అందులో వాదన లేదు. ట్రెయిలర్ లాగేవాళ్ళకి కాదు. మందపాటి అల్యూమినియం ప్లేటు కిట్టు కొత్త మ్యానిఫోల్డ్ కన్నా చవక. ప్లేటూ మ్యానిఫోల్డూ ఒకే లోహం కాబట్టి సాగడంలో తేడా పోతుంది.

హైరెవ్
కింద టార్క్ తగ్గుతుందని ఒప్పుకుంటాను. కానీ ప్లేటు సరిగ్గా బిగించకపోతే అదే పని మళ్ళీ చేయాలి, ఆ కూలీ కూడా లెక్కలో వేయండి.

సుత్తి_స్పానర్
సరిగ్గా బిగిస్తే ఆ బాధ లేదు. తప్పులు జరిగే చోట్లు చెబుతాను.

ప్లేటు బోల్టులు పడేవి అడుగు మూసుకున్న రంధ్రాల్లో. గ్యాస్కెట్ నొక్కకముందే బోల్టు కొస అడుగుకి తగిలితే, రెంచికి గట్టిగానే అనిపిస్తుంది, ప్లేటు మాత్రం వదులుగా ఉంటుంది. రంధ్రం లోతు కొలవండి, ప్లేటు, గ్యాస్కెట్ మందం తీసేసి మిగిలిన బోల్టు పొడవుతో పోల్చండి. కిట్టులో వచ్చిన బోల్టులే వాడండి, పాతవి పారేయండి.

మ్యానిఫోల్డ్ ఎత్తేముందు కూలెంట్ దించేయాలి. అయినా కొంత లిఫ్టర్ల గుంటలోకి కారుతుంది, గుడ్డలు కుక్కండి, పని అయ్యాక ఆయిల్, ఫిల్టర్ మార్చి తీరాలి. వాటర్ పంపు నుంచి మ్యానిఫోల్డ్‌కి వెళ్ళే పొట్టి బైపాస్ హోస్ అప్పుడే మార్చండి, తర్వాత అక్కడ చెయ్యి దూరదు.

బిగింపు: 12 బోల్టులు, మధ్య నుంచి బయటికి. మొదటి నాలుగు 12 ఇంచ్-పౌండ్ల చొప్పున పెంచుతూ 72 దాకా, తర్వాత మిగతావి 72కి, మళ్ళీ అన్నీ ఒకసారి సరిచూసి, వరసగా 12 ఫుట్-పౌండ్లకి. నాలుగు మూలల్లో కొంచెం ఆర్‌టీవీ (సిలికాన్ సీలెంట్) పెట్టడం మర్చిపోవద్దు.

దేశీ_డీజిల్
ఇంకొక్క మాట, ఏది కొనకముందే చూడాల్సింది. మాగ్నమ్ హెడ్లు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్ల మధ్య పగులుతాయి. కాగితం పరీక్షలో ప్లేటు బాగుందని తేలితే వాల్వ్ సీళ్ళు, గైడ్లు చూడండి, గైడ్లు మార్చాల్సి వస్తే హెడ్లు ఎలాగూ దిగుతాయి, అప్పుడు పగుళ్ళు కూడా పరీక్ష చేయించండి. పగిలిన హెడ్ల మీద ఏ మ్యానిఫోల్డ్ పెట్టినా డబ్బు దండగే.

ట్రెయిలర్_బండి
కాగితం లోపలికే లాగింది. అడుగున ఆయిల్ కూడా ఉంది. ప్లేటు కిట్టే తెప్పిస్తున్నాను. థ్రాటిల్ బాడీ గ్యాస్కెట్, బైపాస్ హోస్ విడిగా కొనాలా, కిట్టులోనే వస్తాయా?

సుత్తి_స్పానర్
హోస్ విడిగానే కొనండి. ఇన్‌టేక్ గ్యాస్కెట్లు, థ్రాటిల్ బాడీ గ్యాస్కెట్ మీ కిట్టులో ఉన్నాయో లేదో ఆర్డర్ పెట్టేముందు పార్టుల జాబితాలో చూసుకోండి, కొన్నిట్లో ప్లేటు సరంజామా ఒక్కటే వస్తుంది.