‘రెట్రో ఫ్యూచరిస్టిక్’ని తెలుగులో ఏమందాం?

అడిగినావిడ:
అందరికీ నమస్కారం. థీమ్ పార్కుల డిజైన్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. పని సాఫీగానే సాగుతోంది కానీ ‘రెట్రో ఫ్యూచరిస్టిక్’ దగ్గర బండి ఆగిపోయింది. వెనకటి రోజుల్లో జనం ‘రాబోయే కాలం ఇలా ఉంటుంది’ అని ఊహించుకున్న తీరు అది. వెండిరంగు రాకెట్లు, తలల మీదుగా పోయే మోనోరైలు, గుండ్రటి ప్లాస్టిక్ గదులు. డిస్నీలాండ్‌లో టుమారోలాండ్ అనే విభాగం అన్నమాట. అలాంటివి చూస్తే ఇప్పుడు చాలామందికి మనసు ఎలాగో అయిపోతుందట. నిఘంటువు ధోరణిలో ‘భూతభవిష్యవాదం’ అని రాసి చూశాను. మావాడు చదివి ‘దెయ్యాలకి కూడా భవిష్యత్తు ఉంటుందా అమ్మా?’ అన్నాడు. వెంటనే కొట్టేశాను. ఏమైనా తడితే చెప్పండి.

ఒక తమ్ముడు:
‘నిన్నటి రేపు’ అనెయ్యండి అక్కా. రెండే మాటలు, రెండూ మనవే.

ఇంకొకాయన:
నిన్నటికి రేపు అంటే ఇవాళే కదయ్యా!

ఆ తమ్ముడు:
దొరికిపోయాను.

పార్కుల పిచ్చి ఉన్న సభ్యుడు:
తమ్ముణ్ణి వదిలెయ్యండి, టుమారోలాండ్‌కి జరిగింది అచ్చం అదే. 1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో డిస్నీలాండ్ తెరిచినప్పుడు, టుమారోలాండ్‌లో చూపించే సంవత్సరం 1986 అని పెట్టుకున్నారు. హేలీ తోకచుక్క మళ్లీ కనిపించే ఏడాది అది. తీరా 1986 వచ్చింది, తోకచుక్క వచ్చి వెళ్లింది, ఆ ‘రేపు’ కాస్తా నిన్న అయి కూర్చుంది.

అసలు ఇందులో రెండు రకాలున్నాయి, తేడా ఇక్కడే ఉంది. 1955లో అక్కడ నిలబెట్టిన మూన్‌లైనర్ రాకెట్, 76 అడుగుల ఎత్తు, కట్టినవాళ్ల దృష్టిలో రెట్రో కాదు. చంద్రుడి దగ్గరికి ఇలాంటి దాంట్లోనే వెళ్తామని నిజంగా అనుకుని కట్టారు. 1957లో మోన్సాంటో కంపెనీ పెట్టిన ప్లాస్టిక్ ఇల్లు కూడా అంతే. మధ్యలో ఒక స్తంభం, దాన్నుంచి నాలుగు వైపులా గాల్లోకి పొడుచుకొచ్చిన నాలుగు రెక్కలు. పదేళ్లకే పాతబడిందని 1967లో పడగొట్టబోయారు. ఇనుప గుండుతో కొడితే అది గోడకి తగిలి బంతిలా వెనక్కి వచ్చిందట. ఒక్కరోజు పని అనుకున్నది రెండు వారాలు పట్టింది. వీటిని ‘పాతబడిన రేపు’ అనొచ్చు.

రెండో రకం ‘పాతగా కట్టిన రేపు’. 1992లో పారిస్ దగ్గర డిస్నీ పార్కు తెరిచినప్పుడు అక్కడ టుమారోలాండ్ పెట్టలేదు, డిస్కవరీలాండ్ పెట్టారు. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ రోజుల ఊహలు తీసుకుని రాగి, ఇత్తడి రంగులతో, బోల్టులు కనపడేట్టు కట్టారు. 1995లో అక్కడ వచ్చిన రోలర్ కోస్టర్ స్పేస్ మౌంటెన్‌లో మనుషుల్ని అంతరిక్షంలోకి పంపేది రాకెట్ కాదు, ఫిరంగి! నిజమైన భవిష్యత్తుని కడితే నాలుగేళ్లకోసారి మార్చుకుంటూ ఉండాలి. ముందే పాతబడిందాన్ని కట్టుకుంటే ఆ గొడవ లేదు. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో ఉన్న టుమారోలాండ్‌ని కూడా 1994లో ఇదే దారిలో మార్చారు. ఎన్నడూ రాని భవిష్యత్తు అన్నది దాని వెనక ఆలోచన.

ప్రతిసారీ కుదరదు లెండి. 1998లో అనాహైమ్‌లో తెల్లటి స్పేస్ మౌంటెన్‌కి కూడా రాగి రంగు పూశారు. చాలామంది మొహం చిట్లించారు. కొన్నేళ్లకి మళ్లీ తెల్లరంగే వేశారు. నన్నడిగితే మంచి పని చేశారు.

రిటైరైన తెలుగు మాస్టారు:
పైన అబ్బాయి మాటల మధ్యలో అసలు మాట దొర్లించాడు, గమనించారా? ‘ఎన్నడూ రాని’. అమ్మా, మీరు ‘రాని రేపు’ అని రాయండి.

కారణం చెప్తాను. తెలుగులో ‘అవును’ అనేటప్పుడు విశేషణానికి కాలం ఉంటుంది: వచ్చిన, వస్తున్న, వచ్చే. ‘కాదు’ అనేటప్పుడు మూడింటికీ కలిపి ఒక్కటే రూపం: రాని. నిన్న రాని చుట్టం, ఇవాళ రాని చుట్టం, రేపు కూడా రాని చుట్టం. ఇంగ్లీషువాడు ‘రాలేదు, రావడం లేదు, రాదు’లో ఏదో ఒకటి తేల్చుకోవాలి. మనకి ఆ బాధ లేదు. మీరు చెప్పే డిజైన్‌కి కూడా కాలం తేలదు కదా. ఊహించింది నిన్న, చూపించేది రేపు, చూసేది ఇవాళ.

ఇక ‘రేపు’ సంగతి. పాత తెలుగులో రేపు అంటే తెల్లవారుజాము. ‘రేపకడ’ అనే మాట పద్యాల్లో కనిపిస్తుంది, ఉదయం వేళ అని. ‘మాపు’ సాయంత్రం. ‘రేపుమాపు’ అంటే పొద్దునా సాయంత్రం అనే అర్థం ఉండేది. మరునాటికి ‘ఎల్లి’ అనే మాట విడిగా ఉండేది. దాని చుట్టమే ‘ఎల్లుండి’, ఇప్పటికీ వాడుకలో ఉంది. రాత్రి పడుకునేవాడికి తెల్లవారడమే మరునాడు కాబట్టి రేపు మెల్లగా ఎల్లి చోటులోకి వచ్చింది. ఇప్పుడు ‘రేపు మాపు అంటూ తిప్పుతున్నాడు’ అంటే పని ఎగ్గొడుతున్నాడని. తెల్లవారుతుందన్న భరోసా, ఎగవేత వాసన, రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ‘భవిష్యత్తు’లో ఈ రుచి లేదు.

తమ్ముడు:
మాస్టారూ, ‘ముందు’ మాటేమిటి? ‘ముందే చెప్పాను కదా’ అంటే గడిచింది. ‘ముందు ముందు తెలుస్తుంది’ అంటే రాబోయేది. ఒకే మాట రెండు వైపులా చూస్తోంది. ‘ముందుకాలపు డిజైన్’ అంటే సరిపోదూ?

మాస్టారు:
చమత్కారం బాగుంది తమ్ముడూ. మాట్లాడుకోవడానికి సరిపోతుంది. వ్యాసంలో పెడితే మాత్రం పాఠకుడు ఏ ముందో తేల్చుకోలేక వాక్యం మొదటికి వస్తాడు.

ఇంకొకాయన:
నాకో అభ్యంతరం. ‘రాని’ అనడం అన్యాయం. డిస్నీలాండ్‌లో మోనోరైలు 1959 నుంచి నడుస్తోంది. ఆ ప్లాస్టిక్ ఇంట్లో పెట్టిన మైక్రోవేవ్ ఓవెన్ ఇవాళ కోట్ల వంటిళ్లలో ఉంది. వచ్చినవాటిని కూడా రాలేదంటే ఎలా?

పార్కుల పిచ్చి ఉన్న సభ్యుడు:
వస్తువులు వచ్చాయండి, వాళ్లు ఊహించిన ఆ రోజు మాత్రం రాలేదు. పీపుల్‌మూవర్ అనే రైడ్ తీసుకోండి. 1967లో అనాహైమ్‌లో మొదలైంది. బండ్లకి మోటారు ఉండదు, పట్టాలో అక్కడక్కడా అమర్చిన రబ్బరు చక్రాలు తిరుగుతూ కిందనుంచి బండిని ముందుకి నెడతాయి. నగరాల్లో జనం ఇలాగే తిరుగుతారని వాల్ట్ డిస్నీ ఊహ. 1995లో ఆపేశారు. అదే పట్టా మీద 1998లో వేగంగా పోయే రైడ్ ఒకటి పెట్టి, రెండేళ్లకి దాన్నీ మూసేశారు. పట్టా మాత్రం తియ్యలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి మనుషులు కింద నడుస్తుంటే పైన ఖాళీ పట్టా మలుపులు తిరుగుతూ భవనాల్లోకి దూరి బయటికొస్తూ ఉంది, మీదుగా ఒక్క బండి లేదు. ‘రాని రేపు’కి బొమ్మ గీయమంటే నేను ఆ పట్టానే గీస్తాను.

ఇంకో ముచ్చట. 1964-65 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో ఫ్రిజ్‌ల్లాంటివి అమ్మే జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ కోసం డిస్నీవాళ్లు తిరిగే థియేటర్ ఒకటి కట్టారు. స్టేజీ కదలదు, ప్రేక్షకుల కుర్చీలే చుట్టూ తిరుగుతాయి. అందులో పాట పల్లవి అంతా రేపటి గురించే. 1975లో ఆ ప్రదర్శన ఫ్లోరిడాకి మారినప్పుడు పాట కూడా మారింది: మంచికాలం ఇప్పుడే అని. ఫ్రిజ్‌లు అమ్ముకునేవాడికి రేపటికన్నా ఇవాళే ముద్దు కదా. 1993లో మళ్లీ పాత ‘రేపు’ పాటే తెచ్చారు. అప్పటికి ఆ రేపు పాతబడి, తీపెక్కింది.

అడిగినావిడ:
‘రాని రేపు’ ఖాయం చేసుకున్నాను మాస్టారూ. ఇక ‘నోస్టాల్జియా’ మిగిలింది. ‘గతస్మృతి’ అంటే సంస్మరణ సభలా ఉంది.

ఒక డాక్టరమ్మ:
బెంగ. ఇంకేం వెతక్కండి. నోస్టాల్జియా పుట్టిందే మా వైద్యంలో. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి బాసెల్‌లో తన సిద్ధాంత వ్యాసంలో కట్టిన మాట. గ్రీకులో ‘ఇంటికి చేరడం’, ‘నొప్పి’ రెండూ కలిపాడు. ఇంటికి దూరమైనవాళ్లు దిగులుతో చిక్కి జబ్బుపడటం అతను చెప్పిన సంగతి. మనం ‘అమ్మ మీద బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకుంది’ అనమూ? అచ్చంగా అదే.

ఇంకొకాయన:
కానీ బెంగ ఒకప్పుడు ఉన్నచోటు మీదే కదమ్మా పెట్టుకుంటాం. రానిదాని మీద ఎలా?

పార్కుల పిచ్చి ఉన్న సభ్యుడు:
పెట్టుకుంటారండీ, నేను పెట్టుకున్నాను. ఫ్లోరిడాలోనే ఉన్న ఇంకో డిస్నీ పార్కు ఎప్‌కాట్‌లో హొరైజన్స్ అని ఒక రైడ్ ఉండేది, 1983 అక్టోబరు 1న తెరిచారు. అందులో మొదటి భాగమే పాతకాలం వాళ్లు ఊహించిన రేపటిని వెనక్కి తిరిగి చూడటం. తర్వాత ఎడారి పొలం దృశ్యం వస్తుంది. అక్కడికి రాగానే గుప్పున నారింజ వాసన కొట్టేది. 1999లో రైడ్ మూసేశారు, మరుసటి ఏడాది భవనం కూల్చేశారు. ఆ స్థలంలో 2003లో వేరే రైడ్ వచ్చింది. ఇప్పటికీ ఆ రైడ్ ఎక్కినవాళ్లని కదిలిస్తే ముందు ఆ వాసనే చెప్తారు. నేనైతే ఎక్కనే లేదు, వీడియోలు చూసిందే. అయినా నారింజ వొలిచినప్పుడల్లా ఎక్కని ఆ రైడ్ గుర్తొస్తుంది.

డాక్టరమ్మ:
బాబూ, నీది ముదిరిన కేసు.

అడిగినావిడ:
వాక్యం ఇలా కుదిరింది, చూడండి: ‘ఈ పార్కుల్లో తిరిగేవాళ్లది గడిచిన రోజుల మీద మోజు కాదు, రాని రేపటి మీద బెంగ.’ మాస్టారూ, ‘రానిరేపు’ అని కలిపి రాయాలా, విడిగానా?

మాస్టారు:
విడిగానే అమ్మా. కలిపి రాస్తే ఊరి పేరనుకుంటారు.