పాత జీపు మూడు గేర్ల బాక్సు: దిగుడులో సెకండ్ ఊడిపోతోంది, ఒక్కోసారి రెండు గేర్లు కలిసి పడుతున్నయ్

అచ్చంపేట జీపు:

పాత విల్లీస్ రకం జీపు, మూడు గేర్ల బాక్సు, నేల మీది లివరు. రెండు రోగాలున్నయ్.

మన్ననూరు దాటినంక దోమలపెంట దిక్కు ఘాటు దిగేటప్పుడు సెకండ్‌ల పెట్టి యాక్సిలరేటర్ వదిలితే లివరు తనంతట తనే న్యూట్రల్‌కు వచ్చేస్తది. ఎక్కుడులో అస్సలు రాదు. ఇంకోటి, ఫస్ట్ నుంచి సెకండ్‌కు తొందరగా లాగితే అప్పుడప్పుడు లివరు ఇరుక్కుంటది. క్లచ్ వదిలితే ఇంజను ఆగిపోతది, బండి ముందుకూ పోదు, వెనక్కూ రాదు.

షెడ్డుల అడిగితే "లాక్ స్ప్రింగులు మెత్తబడ్డయి, గట్టివి వేస్తే రెండూ పోతయ్" అంటున్నరు. వేయించాల్నా? బాక్సు దించకుండ అయ్యే పని ఏమన్నా ఉందా?

పాత బండ్ల పని:

స్ప్రింగుల జోలికి ఇప్పుడే పోకు తమ్మీ. నీ రెండు రోగాలకు రెండు వేరు వేరు కారణాలు. వాటిలో ఒకదానికి స్ప్రింగుతో సంబంధమే లేదు, రెండోదానికి చాలా తక్కువ.

బాక్సు మూతలో రెండు రాడ్లుంటయ్. ఒకటి ఫస్ట్, రివర్స్‌లను కదిలిస్తది, ఇంకోటి సెకండ్, టాప్ (మూడో గేరు)లను. ప్రతి రాడ్డు మీద మూడు గుంటలు. స్ప్రింగు నెట్టిన ఉక్కు గుండు ఒకటి వచ్చి ఆ గుంటలో కూర్చుంటది. లివరు న్యూట్రల్‌ల ఉందా, గేర్‌ల ఉందా అని చేతికి తెలిసేది దీనివల్లనే. కుదుపులకు రాడ్డు జరగకుండ ఆపేదీ ఇదే. అంతవరకే దాని పని. లోడు పడ్డప్పుడు గేరును పట్టుకునేది పండ్లు, స్ప్రింగు కాదు.

లెక్క చూడు. గేరును షాఫ్టుకు కలిపే జారుడు కడియం ఉంటది, దాన్ని స్లీవు అంటరు. ఆ స్లీవు పండ్ల మీద మొత్తం 200 కిలోల బలం పడుతున్నదనుకో. పండ్ల ముఖం అరిగి 10 డిగ్రీలు వాలితే పక్కకు తోసే బలం 35 కిలోల దాకా వస్తది. రాపిడి కొంత ఆపుతది గాని, దిగుడులో వణుకుతున్న బండిలో ఆ రాపిడి నిలవదు. దీన్ని ఆపాలంటే ఎంత స్ప్రింగు వేయాలె? అంత గట్టిది వేస్తే గేరు మార్చేందుకు రెండు చేతులు కావాలె, ఫోర్కు (రాడ్డుకు బిగించి స్లీవును నెట్టే చీలిక) వంగుతది, రాడ్డు గుంటలు త్వరగా అరుగుతయ్. స్ప్రింగు కింద వాషరు పెట్టే అలవాటు కూడా ఇసుంటిదే.

ఎక్కుడులో రాదు, దిగుడులోనే వస్తది అన్నవు. ఇంజను బండిని లాగేటప్పుడు పండ్ల ఒక ముఖం మీద బలం పడతది, బండి ఇంజనును నెట్టేటప్పుడు రెండో ముఖం మీద. ఆ రెండో ముఖం అరిగిందన్నా కావాలె, మెయిన్ షాఫ్టు (బాక్సులోంచి చక్రాల దిక్కు బలం పంపే కడ్డీ) ముందుకు వెనక్కు ఆడుతుందన్నా కావాలె. షాఫ్టు ఆడుతుంటే గేరు సగమే పడతది, సగం పడ్డ పండ్లు కొసలనే అరుగుతయ్.

బాక్సు దించకముందే చూడాల్సింది ఒకటుంది. గేర్ బాక్సు వెనక, ముందు వెనక చక్రాలకు బలం పంచే పెట్టె ఉంటది, అదే ట్రాన్స్‌ఫర్ కేసు. దాని వెనకవైపు గుండ్రటి మూత విప్పు. లోపల మెయిన్ షాఫ్టు కొసన కోటల్లాంటి గాడ్లున్న పెద్ద నట్టు, దానికి అది వదులు కాకుండ ఆపే కాటర్ పిన్ను ఉంటయ్. ఆ నట్టు లూజైతే షాఫ్టు ముందుకు వెనక్కు జరుగుతది. ఈ జీపుల్లో సెకండ్ ఊడిపోవడానికి చవకగా దొరికే కారణం ఇదే, అయినా అందరూ చివరికి చూస్తరు. పొడుగు పానతో గట్టిగ బిగించి కొత్త పిన్ను వేయి. గాడి పిన్ను రంధ్రానికి కలవకుంటే ఇంకొంచెం బిగించాలె గాని వెనక్కు తిప్పొద్దు.

తర్వాత లివరు న్యూట్రల్‌ల ఉంచి నేల మీది పలక తీసి, బాక్సు పై మూత ఎత్తు. సెకండ్-టాప్ ఫోర్కు స్లీవు గాడిలో ఎంత ఆడుతుందో ఫీలర్ గేజీతో (సందు కొలిచే సన్న రేకులు) చూడు. కొత్త జతకు సందు మిల్లీమీటరులో పావు చుట్టుపక్కల ఉంటది. మిల్లీమీటరుకు వచ్చిందంటే ఫోర్కు అయిపోయినట్టే. ఫోర్కును రాడ్డుకు పట్టించిన సెట్ స్క్రూ కూడా చూడు, దాని తల్లోంచి పోయే లాకింగ్ వైరు ఉన్నదా లేదా. అది లేకుంటే స్క్రూ వదులై, గుండు గుంటలో పడ్డా గేరు మాత్రం పూర్తిగా పడదు.

ఇవన్నీ బాగుండి కూడా ఊడిపోతుంటే మిగిలింది పండ్లు, సెకండ్ గేరు బుష్షు, షాఫ్టు ముందు కొసన ఉండే రోలర్లు. అప్పుడు బాక్సు దించక తప్పదు.

లేత్ మిషన్:

రెండో రోగం సంగతి. రెండు రాడ్ల నడుమ మూతలో అడ్డంగా ఒక రంధ్రం, అందులో అటూ ఇటూ జారే చిన్న కడ్డీ ముక్క, అదే ప్లంజరు. దీనికి స్ప్రింగు ఉండదు. ఒక రాడ్డు న్యూట్రల్ నుంచి కదిలితే ప్లంజరును అవతలి రాడ్డు గుంటలోకి నెడుతుంది, అవతలిది ఇక కదలలేదు. ఒకరు పోతే ఇంకొకరు ఆగాల్సిన సన్న సందు లెక్క.

అంతా ప్లంజరు పొడుగు మీదనే ఉన్నది. రెండు రాడ్ల నడుమ ఖాళీ ఎంతో కొలువు, పక్క గుంట లోతు ఎంతో కొలువు. ఖాళీకి ఒక గుంట లోతు కలిపితే వచ్చేది ప్లంజరు అసలు పొడుగు, అందులోంచి 0.2 మి.మీ. సందుకు తీసేయాలి. దానికన్నా పొడుగుంటే ఏ గేరూ పడదు. అరిగి, ఒట్టి ఖాళీ కన్నా పొట్టిదైందంటే లాకు లేనట్టే, రెండు రాడ్లూ ఒకేసారి కదులుతాయి. గేర్లు రెండూ కలిస్తే షాఫ్టు ఏ వేగంతో తిరగాలో తేలక బిగుసుకుపోతుంది. మీ ఇంజను ఆగేది అందుకే. ముందోసారి మూత విప్పినవాళ్ళు ప్లంజరు పెట్టడమే మరిచి ఉండొచ్చు, అది కూడా మామూలే.

వాహన ప్రియుడు, మహబూబ్‌నగర్:

పై ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. ప్లంజరు చేసే ఈ అడ్డ లాకు మొదట్నుంచీ లేదు. 1890లలో ఫ్రెంచి కంపెనీ పనార్ లెవసోర్ బండ్లలో గేర్లన్నీ కలిసి ఒకే ముక్కగా జరిగేవి, లివరు కూడా ఒకే వరుసలో ఒకటి, రెండు, మూడు అని పోయేది. రెండు గేర్లు కలిసే వీలే లేదు. కావలసిందల్లా లివరును ఆయా స్థానంలో నిలిపే గాడుల పట్టీ, దాన్ని విడిపించే చేతి ట్రిగ్గర్. కాకపోతే మూడు నుంచి ఒకటికి రావాలంటే మధ్యలోని రెండును దాటాల్సిందే. 1901 మెర్సిడెస్ 35 హెచ్‌పీలో ఇంజనీరు మేబాఖ్ గేటు పద్ధతి (లివరును పక్కకు జరిపి వేరే వరుసలోకి మార్చేది) తెచ్చాక ఒక్కో జతకు ఒక్కో రాడ్డు వచ్చింది. రాడ్లు విడిపోయాకే అడ్డ లాకు అవసరం పుట్టింది. కొన్ని పాత బండ్లలో గుండు, ప్లంజరు కాక మూడో లాకు కూడా ఉండేది: క్లచ్ పెడల్‌కు కలిపిన అడ్డం ఒకటి రాడ్ల గుంటల్లో ఉండి, పెడల్ తొక్కితేనే వదిలేది. ఫోర్డ్ మోడల్ టీ (1908–1927) వాళ్ళకు మాత్రం ఈ గొడవే లేదు, అందులో జారే గేర్లే లేవు, పెడల్‌తో డ్రమ్ము చుట్టూ ఉన్న బ్యాండు బిగించడమే.

జీపు విషయంలో ఇంకొకటి చూడండి. లివరు కింది కొస, అది కూర్చునే రాడ్ల గాడులు. కొస అరిగి సన్నబడితే రెండు గాడుల నడుమ నిలబడి రెండు రాడ్లనూ ఒకేసారి లాగుతుంది. ప్లంజరు మంచిదైతే లివరు కదలకుండా ఆగుతుంది, అరిగిందైతే మీకు జరిగినట్టే జరుగుతుంది. కొసను వెల్డింగుతో నింపి ఫైలు పెట్టించుకోవచ్చు.

దారిలో ఇరుక్కుంటే: ఇంజను ఆపి, చక్రాలకు రాయి అడ్డం పెట్టి, లివరు మూత విప్పి లివరు పైకి తీయండి. టార్చితో చూస్తే రెండు రాడ్ల గాడులు ఎదురెదురుగా ఉండవు. లావు స్క్రూ డ్రైవర్‌తో జరిగినదాన్ని వెనక్కి నెట్టి రెండూ వరుసకు తెస్తే న్యూట్రల్. బండిని కొద్దిగా ముందుకు వెనక్కు ఊపితే పండ్ల మీద బిగువు పోయి సులువుగా జరుగుతుంది.

అచ్చంపేట జీపు:

వెనక మూత విప్పి చూసిన. నట్టుకు కాటర్ పిన్నే లేదు, చేతితోనే కదిలింది. పై మూత కూడా తీసిన. రాడ్ల నడుమ ఖాళీ 19.0, గుంట లోతు 3.0, ప్లంజరు 18.6 మి.మీ., రెండు కొసలు చదునుగ అరిగినయ్. మూత మళ్ళ కూర్చేటప్పుడు ఏం జాగ్రత్త?

లేత్ మిషన్:

18.6 అంటే ఖాళీ కన్నా పొట్టి, లాకు పూర్తిగా పోయినట్టే. మీ కొలతలకు 21.8 రావాలి. ఈఎన్ 31 అనే గట్టి ఉక్కు రాడ్డుతో చేయించి, కొసలు గుంట ఆకారానికి గుండ్రం చేసి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, తర్వాత పైన గడ్డి రంగు వచ్చేదాకా మళ్ళీ వేడి చేయాలి. మైల్డ్ స్టీల్‌తో చేస్తే కొన్నాళ్ళకే మళ్ళీ పొట్టి అవుతుంది.

పాత బండ్ల పని:

కూర్చేటప్పుడు మొదటి రాడ్డు వేసి న్యూట్రల్‌ల ఉంచు. గ్రీజు పూసిన ప్లంజరును అడ్డ రంధ్రంలో పెట్టి, అప్పుడు రెండో రాడ్డు. గుండును సన్న కడ్డీతో అణచి రాడ్డు దూర్చాలె, పైన గుడ్డ కప్పు, లేకుంటే గుండు ఎగిరి దొరకదు. గుండ్లు మార్చాల్సొస్తే వెర్నియర్‌తో కొలిచి ఇంచీ సైజే తేవాలె. 5/16 ఇంచీ అంటే 7.94 మి.మీ., దాని రంధ్రంలో 8 మి.మీ. గుండు పట్టుకుపోయి స్ప్రింగు ఎంత నెట్టినా గుంటలోకి దిగదు.

మూత బిగించకముందే బల్ల మీద పరీక్ష చేయి. ఒక రాడ్డును గేరు స్థానానికి లాగి, రెండోదాన్ని స్క్రూ డ్రైవర్‌తో రెండు వైపులా నెట్టు, కదలొద్దు. తర్వాత రాడ్లు మార్చి అదే పని. నాలుగు గేర్ల బాక్సు విప్పేవాళ్ళకు ఒక మాట: అక్కడ మూడు రాడ్లుంటే నడిమి రాడ్డు లోపల అడ్డంగా చిన్న పిన్ను ఉంటది, పొడుగు రాడ్డు వ్యాసంలోంచి ఒక గుంట లోతు తీసేసినంత. అది జారి పడిపోయినా గేర్లు మామూలుగనే పడతయ్, గాని రెండు చివరి రాడ్లు కలిసి కదిలే దారి తెరుచుకుంటది.

ఆఖరికి ఫోర్కులు, లోపలి గేర్లు రెండూ న్యూట్రల్‌లనే ఉంచి మూత దించు. గేరు నూనె 90 నంబరు జీఎల్ 4 రకం పోయాలె. జీఎల్ 5 కొన్ని రకాలు ఇత్తడి సింక్రో రింగులను (గేరు పడేముందు వేగాలు కలిపేవి) తింటయ్. నూనె నింపే ప్లగ్గు రంధ్రం అంచు దాకా పోస్తే చాలు.