పీజోకోన్‌లో నీటి పీడనం పెరగడం లేదు, సెన్సారు పాడైనట్టేనా?

మట్టిపని: నేల పరీక్షకు, సెన్సార్లున్న శంకువు కొనను రాడ్లతో నేలలోకి తోస్తున్నాను. ఆరు గంటలుగా తల పట్టుకొని కూర్చున్నాను. 12 మీటర్ల లోతున, మెత్తని బంకమన్నులో, పీజోమీటరు 40 కిలోపాస్కళ్లకు మించి చూపడం లేదు. కేబుల్ మార్చాను, రీడింగులు నమోదు చేసే లాగర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేశాను. కొన నిరోధం (కొనకు నేల ఇచ్చే ఎదురు), స్లీవ్ ఘర్షణ (కొన వెనుక గొట్టంపై రాపిడి) మాత్రం సవ్యంగానే వస్తున్నాయి. సెన్సారు మార్చవలసిందేనా?

లోతుగొట్టం: నీటిమట్టం ఎంత లోతున ఉంది? నీటి పీడన సెన్సారు ముందుండే సన్నరంధ్రాల ఫిల్టరును దేనితో నింపారు?

ఒండ్రునేల: ముందుగా పదం సరిచేసుకోవాలి. పీజోమీటరు నేలలో నిలిచి ఉండి, అక్కడ సహజంగా ఉన్న నీటి పీడనాన్ని కొలుస్తుంది. పీజోకోన్ సెకనుకు 2 సెంటీమీటర్ల వేగంతో దిగుతూ, తన తోపుడు వల్ల పుట్టిన అదనపు పీడనాన్ని కూడా కలిపి కొలుస్తుంది. ఇక బంకమన్ను అని మీరు రాసినది కూడా నమూనా తీసి చూసిన మాట కాదు గదా! ఈ పరికరం చెప్పేది నేల ప్రవర్తన రకాన్నే (తోపుడుకు నేల ఎలా స్పందిస్తుందో) గాని, నేల రకాన్ని కాదు.

మట్టిపని: పేరు ఏదైతేనేమండీ, అంకె రావడం లేదు. నీటిమట్టం 4 మీటర్లు. ఫిల్టరును నీళ్లలో నానబెట్టి బిగించాను. అందరూ చేసేదే కదా అని రాయలేదు. 7 మీటర్ల దగ్గర గట్టి ఒండ్రు ఇసుక తగిలినప్పుడు పీడనం సున్నాకు 60 కిలోపాస్కళ్లు కిందికి పోయింది.

కోన్‌వాలా: అసలు సంగతి ఇప్పుడు చెప్పారు. 4 మీటర్ల నీటిమట్టం కింద 12 మీటర్ల దగ్గర, కోన్ కదలకుండా ఉన్నా సుమారు 78 కిలోపాస్కళ్లు ఉండాలి. మెత్తని బంకమన్నులో తోస్తున్నప్పుడు అంతకు మించే రావాలి. పైనున్న 4 మీటర్ల పొడి నేల ఫిల్టరులోని నీటిని పీల్చేసి ఉంటుంది. ఆపై గట్టి ఇసుక రేణువులు కోన్ తోపుడుకు ఒకదానిపై ఒకటి జారి, ఇసుక వ్యాకోచించినప్పుడు పుట్టిన రుణ పీడనం వల్ల మిగిలిన నీటిలో కరిగి ఉన్న గాలి బుడగలుగా విడివడి ఉంటుంది. గాలి నొక్కుకుపోతుంది కాబట్టి పీడనం సెన్సారుకు ఆలస్యంగా, తగ్గి చేరుతుంది. రాడ్ బిగించడానికి ఆగి మళ్లీ తోసినప్పుడు గ్రాఫ్ చూడండి: గాలి లేని కోన్‌లో గీత చప్పున లేస్తుంది, మీ దానిలో అర మీటరు దిగేదాకా నెమ్మదిగా పాకుతూ ఉంటుంది. బయటికి తీశాక సున్నా రీడింగ్ మొదటిదానితో సరిపోతే సెన్సారు బాగున్నట్టే. ఈసారి ఫిల్టరును వాక్యూమ్‌లో గ్లిసరిన్‌తోనో సిలికోన్ నూనెతోనో నింపి, పలుచని రబ్బరు తొడుగు వేసి, నీటిమట్టం వరకు ముందే బోరు వేసి ఆ గొయ్యిని నీటితో నింపి దించండి.

లోతుగొట్టం: నేను అడిగిందీ అదే.

ఒండ్రునేల: గ్లిసరిన్ సరే, కొన నిరోధాన్ని నీటి పీడనానికి సవరించారా? కోన్ నికర వైశాల్య నిష్పత్తి (కొన వెనుక నీటి పీడనం పడే వైశాల్యాన్ని లెక్కలోకి తెచ్చే అంకె) ఎంత? మెత్తని నేలలో ఆ సవరణ లేకపోతే కొన నిరోధాన్ని నమ్మలేము. స్లీవ్ సంగతి వేరే చెప్పాలి.

మట్టిపని: సున్నా రీడింగ్ మారలేదు. రేపు గ్లిసరిన్‌తో చూస్తాను. కృతజ్ఞతలు.

ఒండ్రునేల: నిష్పత్తి చెప్పనేలేదు.